చాపను తీసిన చేతులు

ఈ పొద్దున మీ ఇంట్లోంచి బయటికి పోయిన చెత్త ఇప్పుడు ఎక్కడుంది? బండివాళ్లు తీసుకుపోయారని చెప్పకండి. ఆ బండి ఎక్కడికి పోయిందని అడుగుతున్నాను. మీరు ముడివేసి వీధి చివర పెట్టిన నల్ల కవరు ఏ వాగులో, ఏ గుంటలో, ఎవరి పెరటి వెనక విప్పుకుందో మీకు తెలుసా? దేవుడు ఎక్కడున్నాడో చూపించమని సభల్లో జనాన్ని నిలదీసినదాన్ని నేను. నీ చెత్త ఎక్కడుందో చూపించమని నన్ను మాత్రం ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. అడగకుండానే మొన్న అది కనబడింది. మా పాళెంలో, కాలవ తూము దగ్గర, జేసీబీ ఎత్తి పోసిన నల్లటి గుట్ట మీద, మా నాయన ముఖమై కనబడింది.

ఇందుకూరుపేట దాటి మైపాడు దారిలో పోతూ పక్కకు తిరిగితే రొయ్యల గుంటల మధ్య ఒక కట్ట ఉంటుంది. ఆ కట్ట చివర, సముద్రానికి ఇవతల, ఉప్పుకాలవకి ఆనుకుని ఉంటుంది మా పాళెం. చేపలు పట్టి బతికేవాళ్ల ఊరు. నేను పుట్టింది అక్కడే. మొన్న వెళ్లింది ధనలక్ష్మి కర్మంత్రానికి. నాకు కర్మంత్రాల మీద నమ్మకం లేదని అక్కడ అందరికీ తెలుసు. నేను వెళ్లింది వాళ్లమ్మ సింగారమ్మత్త కోసం. వానలకి కాలవ వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చింది. నీళ్లలో నానిన ఇంటి గోడ ధనం మీద పడింది. ఆమె పోయిన తర్వాత తూము దగ్గర పూడిక తీయించారు. ఆ గుట్టలో ఏమున్నాయని అడుగుతారేమో. కవర్లు, నీళ్ల ప్యాకెట్లు, రొయ్యల మేత సంచులు, తెగిన నైలాను వలలు, పిల్లలకి కట్టి పారేసిన డైపర్లు, చెప్పులు. వాటి మధ్య బురద కారుతూ ఒక ఫ్లెక్సీ. దాని మీద నీళ్ల బిందె భుజాన పెట్టుకున్న మా నాయన బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో 'మూఢత్వంపై ఎత్తిన బిందె' అని రాసి ఉంది. ఆయన పోయాక పెట్టిన సభకి ఆ మాట రాసి ఇచ్చింది నేనే.

ధనం మొగుడు పోలయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. భార్య పోయినవాడు, నా ముఖం చూసి తనే నొచ్చుకున్నాడు. "మాస్టరుగారు గదక్కా" అన్నాడు. బొమ్మ మీది బురద చూసి, "కడగమంటావా?" అన్నాడు.

ఆ గుట్ట దగ్గర నిలబడినప్పుడు ముక్కుకి తగిలిన వాసన నేను పెరిగిన పాళెం వాసన కాదు. నేను పెరిగిన పాళెంలోనూ వాసనలుండేవి. పట్నం నుంచి వచ్చినవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఉప్పుచేప ఎండే వాసన, సరుగుడాకు కాలే పొగ వాసన, తడి వల వాసన, పొయ్యి మీద చింతపులుసు వాసన. ఏ వాసన ఎక్కడినుంచి వస్తున్నదో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. మొన్నటి వాసనకి చిరునామా లేదు. అందరి ఇళ్లలోంచీ వచ్చి ఎవరిదీ కాకుండా పోయిన వాసన అది.

మా ఇంట్లో చెత్తబుట్ట ఉండేది కాదు. మా అవ్వ, నాయన తల్లి, కోటమ్మ, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేది. మధ్యాహ్నానికి గంపలో వడ్లో వంకాయలో వేసుకుని తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, వక్కాకు నోట్లో వేసుకుని ఇల్లంతా ఒకసారి కలియజూసేది. ఆ చూపుకి మేమంతా భయపడేవాళ్లం. ఏదైనా వస్తువు పారేయబోతే, "ఆగు మే, దీనికింకేం పని ఉండాది?" అని అడిగేది. జవాబు చెప్పకుండా ఆ వస్తువు గడప దాటేది కాదు. చేప పొట్టలు మునగచెట్టు మొదట్లోకి, చేప కడిగిన నీళ్లు కొబ్బరికి, పొయ్యి బూడిద గిన్నెలకి. తెగిన వల గుమ్మడిపాదు చుట్టూ దడి అయ్యేది. అక్కడా చీకిపోతే ఉట్టి అయ్యేది, ఉట్టి తెగితే చట్టి తోమే పీచు అయ్యేది, పీచు అరిగితే పొయ్యిలోకి పోయేది. పగిలిన కుండకి కోడిపిల్లల నీళ్ల పని. పనిలేని వస్తువనేది ఆమెకు అర్థం కాని మాట. పనిలేని మనిషంటే మాత్రం బాగా అర్థమయ్యేది. మా తాతని చూసి, "దీనికింకేం పని ఉండాది?" అనేది. తాత చుట్ట పక్కకు తీసి, "పొయ్యిలో పెట్టమ్మా, ఎండినాను గదా" అనేవాడు.

ఇది చదివి 'ఆ రోజుల్లో ఎంత పవిత్రంగా బతికారో' అని నిట్టూర్చకండి. నాకు ఆ నిట్టూర్పు అంటే ఒళ్లు మంట. మేము పుణ్యాత్ములం కాదు, మా దగ్గర పారేయడానికి ఏమీ లేదు. పేదరికాన్ని నీతి అని పిలవడం కడుపు నిండినవాళ్లు చేసే పని. కాని ఒక్క సంగతి ఒప్పుకోవాలి. వస్తువు చేతిలోకి వచ్చినప్పుడే అది చచ్చేదాకా తనదే బాధ్యత అని మా అవ్వకి తెలుసు. మొదటి ప్లాస్టిక్ కవరు మా ఇంటికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. నాయన నెల్లూరు నుంచి నాకు గౌను తెచ్చాడు. నేను గౌను వేసుకుని ఊరంతా చూపించి వచ్చేసరికి అవ్వ కవరును కడిగి దండెం మీద ఆరేసి, దాని ముందు కూర్చుని ఉంది. ఆకూ వక్కా పెట్టుకోవడానికి పనికొస్తుందని తీర్మానించింది గాని ఏదో అనుమానం తీరలేదు.

"మస్తానూ, ఇది ఎట్టా చస్తుంది?" అంది.

"చావదంటమ్మా. అదే దాని గొప్ప" అన్నాడు నాయన.

"చావకపోతే ఎట్టారా? మట్టిలో కలవదా?"

"సైన్సు చూసుకుంటుందిలే."

"అది చూసుకునేదాకా యాడ పెట్టాల?"

నాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లు మా ఇంట్లో ఆ రోజు లేరు. ఈ రోజూ లేరు.

ఇప్పుడు దురాయి సంగతి చెప్పాలి. నెల్లూరు తీరం దాటితే చాలామందికి ఈ మాట తెలియదు. పాళెం పెద్దల్ని మేము కాపులంటాము. ఆ కాపులు కూర్చుని ఒక పని చేయకూడదని కట్టడి చేస్తే దాన్ని దురాయి వేయడం అంటారు. దురాయి దాటినవాళ్ల ఇంటికి నిప్పివ్వరు, నీళ్లివ్వరు, పలకరించరు, పడవ ఎక్కనివ్వరు. ఆడవాళ్లం ఆ కూటంలోకి పోకూడదు. దురాయి మాత్రం మాకూ సమానంగా వర్తించేది. ఆ న్యాయం గురించి నేను తర్వాత ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు, రాసినదాంట్లో ఒక్క మాట కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోను. అయితే మా పాళెంలో ఏటేటా పడే దురాయి ఒకటుండేది. అది కాలవ గురించి. మా ఉప్పుకాలవ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. ఎండాకాలమంతా అలలు ఇసక తెచ్చి పోసి ఆ మొగని మూసేస్తాయి. వానలు రాకముందే దాన్ని తవ్వి తెరవకపోతే పైనుంచి వచ్చే నీళ్లకి పోయేదారి ఉండదు. అందుకని వానలకి ముందు ఒక సాయంత్రం చాటింపు వేసేవాళ్లు. "రేపు మొగ తెరుస్తుండారహో! ఇంటికో చెయ్యి రావాల! ఇయ్యాల్టి నుంచి కాలవలో ఏమేసినా దురాయహో!"

ఇంటికో చెయ్యి. ఎంత మంచి మాట. మనిషి అనలేదు, చెయ్యి అన్నారు. మగవాళ్లు పారలతో, ఆడవాళ్లు గంపలతో తెల్లారేసరికి ఇసక మీద ఉండేవాళ్లు. ఒంటరి ముసలమ్మ ఇంటినుంచి ముసలమ్మే వచ్చి గంప పట్టుకునేది, ఎవరో ఒకరు నవ్వుతూ అందులో గుప్పెడు ఇసక వేసేవాళ్లు. మంచాన పడ్డవాళ్ల వంతు పక్కింటివాళ్లు తవ్వేవాళ్లు. పెద్దకాపు కూడా పార పట్టాల్సిందే. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి ఆఖరి ఇసక కట్ట సన్నగా మిగిలేది. దాన్ని కాళ్లతో తొక్కేవాళ్లం. సన్నటి ధారలా మొదలై, ఒక్కసారి కట్ట కొట్టుకుపోయి, నల్లటి కాలవ నీళ్లు సముద్రంలోకి ఉరికేవి. ఆ అరుపులు, ఆ కేకలు! అక్కడే ఇసకలో కూర్చుని రాగిసంగటి, చేపల పులుసు తినేవాళ్లం. తిన్న బాదమాకులు కూడా కాలవలో పడేయనిచ్చేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే, గంగమ్మకి కోపం వస్తుందనేవాళ్లు. కారణం తప్పు. పని ఒప్పు. ఈ రెండింటినీ విడదీసి చూడడమే బుద్ధిజీవి చేయవలసిన పని. మా తరం బుద్ధిజీవులం అది చేయలేకపోయాం. ఒకే ఒక్కడు చేశాడు, మా నాయన. ఆయన పనిలో సగాన్ని మేము చెరిపేశాం.

ధనం పుట్టిన ఏడాది వానలు ముందే వచ్చాయి. మొగ తెరిచి ఎక్కువ రోజులు కాలేదు. సింగారమ్మత్త మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది, వరసకి నాకు మేనత్త. ఆమె మొగుడు వేటకి పోయి ఉన్నాడు. పురుడు కష్టమైంది. పురిటి చాపనూ గుడ్డలనూ దూరంగా సరుగుడు తోటలో పూడ్చిరావాలి. జోరువాన, ఇంట్లో మగవాళ్లు లేరు. సింగారమ్మత్త వాళ్లత్త చాపని చుట్ట చుట్టి తీసుకుపోయి కాలవలో వదిలేసింది. కొట్టుకుపోతుందనుకుంది. అది పోలేదు. పడవలు కట్టే గుంజకి అడ్డంగా తగులుకుని, రక్తం మరకలతో, ఊరందరికీ కనబడేటట్టు నిలబడింది. ఆ వారంలో ఊళ్లో పురుడొచ్చిన ఇల్లు ఒక్కటే గదా. కాపులు కూర్చున్నారు. గంగమ్మని మైల చేసినారన్నారు. ఆ ఇంటికి నిప్పూ నీళ్లూ దురాయి అన్నారు.

నాయన ఇంకో ఊళ్లో బడిపంతులు. సాయంత్రం సైకిలు దిగేసరికి ఊరు గుసగుసలాడుతున్నది. బాలింతకి పాలు పడలేదు, ఇంట్లో కాచుకోను నీళ్లు లేవు, ఏ ఆడమనిషీ ఆ గడప తొక్కడం లేదని అమ్మ చెప్పింది. నాయన చొక్కా కూడా విప్పలేదు. సత్తుబిందె తీసుకున్నాడు. అవ్వ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గమ్మునుండు మస్తానూ. రేపు మనల్నీ ఎలేస్తారు."

"ఎలేస్తే ఇద్దరం కలిసి కూర్చుంటాంలే, అడ్డం లే అమ్మా" అన్నాడు.

నేను వెనకాలే పరుగెత్తాను. బావి పక్కన బోర్లించిన పడవ మీద కూర్చుని పెద్దకాపు వల అల్లుకుంటున్నాడు. నాయన బిందె నింపేదాకా ఏమీ అనలేదు. భుజానికెత్తుకున్నాక తల ఎత్తకుండానే అడిగాడు.

"మస్తానయ్యా, ఆ నీళ్లు ఎవరికి?"

"బాలింతకి మామా."

"దురాయి ఉండాదని తెలుసు గదా?"

"నాకు తెలుసు. పసిదానికి తెలీదు గదా మామా, నోరెండిపోతుండాది."

"చదువుకున్నోడివి, నీకు ఎటకారమే. గంగమ్మకి మైల చేసినారు. ఊరు మునిగితే నువ్వు ఆపుతావా, నీ పుస్తకాలు ఆపుతాయా?"

"గంగమ్మకి మైల అంటదు మామా. కాలవకి చాప అడ్డం పడుతుంది. అది వేరు, ఇది వేరు. చాప తీస్తే పోయేదానికి బిడ్డ నోరు కడతారా?"

పెద్దకాపు అప్పుడు తలెత్తాడు. "తీసేదెవురు? పురిటి చాప ముట్టేదెవురు? ముడతావా నువ్వు?"

నాయన ముందుకు నడిచాడు. బిందె సింగారమ్మత్త గుమ్మంలో దించాడు. పసిదాని ఏడుపు బయటికి వినబడుతున్నది. అక్కడినుంచి తిన్నగా కాలవ ఒడ్డుకు పోయి, పంచె ఎగగట్టి, రొమ్ములోతు నీళ్లలోకి దిగాడు. ఒడ్డున ఊరు ఊరంతా నిలబడింది, ఒక్కరూ దిగలేదు. నానిన చాప బరువుకి ఆయన రెండుసార్లు జారాడు. చివరికి దాన్ని రెండు చేతులా హత్తుకుని పైకి తెచ్చాడు. నా పక్కనుంచి పోతున్నప్పుడు పచ్చినెత్తురు, పసుపు, బురద కలిసిన వాసన. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసన నా ముక్కుకి తెలుసు. సరుగుడు తోటలో తనే గొయ్యి తీసి పూడ్చాడు. ఇంటికొచ్చాక అవ్వ లోపలికి రానివ్వలేదు. వాకిట్లో నిలబెట్టి, ఏడుస్తూ తిడుతూ చెంబుతో నీళ్లు కుమ్మరించింది. "మొగపుట్టుక పుట్టి పురిటి చాప ఎత్తుతావురా!" అని తిడుతూనే వీపు రుద్దింది. నాయన చలికి వణుకుతూ నవ్వుతున్నాడు.

ధనం బతికింది. ఆ నీళ్ల వల్లే బతికిందో, మరునాడు తెగించి ఆ గడప తొక్కిన నా తల్లి పాలు పట్టినందువల్ల బతికిందో తేల్చి చెప్పలేను. ఆ తర్వాత వలల కొట్టం కింద పెద్ద వాదన జరిగింది. నిప్పూ నీళ్లూ ఆపే దురాయి అన్యాయమని నాయన నిలబడి చెప్పాడు. వేరే పాళేల కుర్రవాళ్లు ఆయనతో కలిశారు. కాలం కూడా కలిసొచ్చింది. కొన్నేళ్లకి దురాయి అంటే ఎవరూ జడవని రోజు వచ్చింది. అది గెలుపే. ఈ రోజు కూడా, ధనం గోడ కూలిన చోట నిలబడి కూడా, అది గెలుపేనని అంటాను. కట్టడి పేరు చెప్పి బిడ్డ నోరు ఎండగట్టే పెద్దరికం ఎక్కడున్నా కూలవలసిందే.

కాని దురాయి చెల్లని ఆ మొదటి ఏడాది చాటింపు వేసినప్పుడు సగం ఇళ్లనుంచే చేతులు వచ్చాయి. "దురాయే లేదంటుంటే ఎందుకు పోవాల?" అన్నారు. మరుసటేడు ఇంకా తగ్గాయి. తర్వాత యంత్రం పెట్టి తీయించారు. ఆ తర్వాత అదీ మానేశారు. ఆ మధ్య కాలంలోనే కవర్లు వచ్చాయి, ప్యాకెట్లు వచ్చాయి, ఆదివారాలు సముద్రం చూడడానికి వచ్చే జనం వచ్చారు. కాలవలో వేస్తే అడిగేవాళ్లు లేరు. గంగమ్మ కోపానికి భయపడి ఊరుకున్నవాళ్లు గంగమ్మకి కోపం రాదని తెలిసిన రోజున చేతులు దులుపుకున్నారు. భయాన్ని పెరికేశాం, బాగానే ఉంది. ఆ గుంటలో మరేం నాటాం? నాయన నాటింది ఒకటుంది, ఆ రొమ్ములోతు నీళ్లలో. దాన్ని మేము చూడలేదు. బిందె చూశాం. బిందె అందంగా ఉంటుంది, కథకి పనికొస్తుంది, బొమ్మకి పనికొస్తుంది. పురిటి చాప ఎత్తిన చేతుల బొమ్మ ఎవరు వేస్తారు?

నాయన చివరి రోజులు నెల్లూరులో మా ఇంట్లోనే గడిచాయి. జ్ఞాపకం చెదిరిపోయింది. నన్ను గుర్తుపట్టని రోజుల్లో కూడా కిటికీ మీద వాన చప్పుడు వింటే, "మొగ తెరిచినారా?" అని అడిగేవాడు. "ఎవరో ఒకరు తెరుస్తారులే నాయనా" అనేదాన్ని. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మా హేతువాద సంఘం తరఫున ఆయన పేరు మీద సంస్మరణ సభ మా పాళెంలోనే పెట్టాం. కట్ట పొడవునా ఫ్లెక్సీలు. వచ్చినవాళ్లందరికీ నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ డబ్బాల్లో పులిహోర. శాస్త్రీయ దృష్టి గురించి వరసగా మాట్లాడాం. నేను బిందె కథ చెప్పాను. ఆనాటి పసిబిడ్డ అని ధనాన్ని వేదిక ఎక్కించి శాలువా కప్పాం. ఆమె నా పక్కకు వంగి చెవిలో అంది, "వదినా, అందరూ ఆ బిందె నీళ్లే తాగుతుండారు. నాకు దప్పికేస్తుంది, ఒక ప్యాకెట్ ఇప్పించు." వేదిక మీద నవ్వాపుకోలేక చచ్చాను. ధనం ఎప్పుడూ అంతే. నన్ను వ్యాసాలమ్మా అని పిలిచేది. నా ఉపన్యాసానికి తన పులుసు చల్లారిపోయిందని చెప్పి మళ్లీ వేడిచేసి పెట్టేది. సభ అయిపోయాక ఫ్లెక్సీ ఒకదాన్ని పట్టుకుని లాగుతూ, "మీ నాయన్ని నాకిచ్చి పో వదినా" అంది. "ఎనకపక్క గోడకి వాన కొడతాది. కట్టుకుంటా. అప్పుడు నీళ్లిచ్చినాడు, ఇప్పుడు నీళ్లు ఆపతాడు."

మిగతా ఫ్లెక్సీలు ఏమయ్యాయో నేను అడగలేదు. తూములో దొరికింది ధనం గోడకి కట్టినదో, కట్ట మీద మేము వదిలేసి వచ్చినదో తెలియదు. ఆ ఒక్క ఫ్లెక్సీ వల్లే ధనం చచ్చిపోయిందని నేను అనడం లేదు. అట్లా అంటే కన్నీళ్లకి బాగుంటుంది, నిజానికి బాగుండదు. ఆ గుట్టలో అందరి ఇళ్లూ ఉన్నాయి. కాని అందులో మాదీ ఉంది. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదనే లెక్క నేను ఒప్పుకోను.

ఆ రోజు ఏం జరిగిందో పోలయ్య చెప్పాడు. "సముద్రం రాలేదక్కా. సముద్రం వస్తే ఎరుకే మనకి. నీళ్లు ఎనకనించి వచ్చినాయి, కాలవనించి. వచ్చినవి పోలేదు. మొగ మూసుకుపోయుండాది, తూము బిగిసిపోయుండాది, యాడికి పోతాయి? ఇంట్లోనే నిలబడినాయి. అత్తని బడి మిద్దె మీదికి చేర్చినాం. బియ్యం తడస్తాయని ఈమె మళ్లీ పోయింది. వద్దే అంటే, రెండు నిముషాల్లో వస్తా, నీ మాదిరి నాకు కాళ్ల నొప్పులా అనింది." గోడ పడిన చప్పుడు గురించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

కర్మంత్రం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మెరుపు పూత వేసిన కాగితం పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు. సింగారమ్మత్త మిగిలిన మూడు గోడల మధ్య నులకమంచం మీద పడుకుని ఉంది. చూపు ఆనదు, చెవులు మాత్రం చురుకు. ధనం మరిది శీనయ్య పళ్లేలన్నీ ఊడ్చి మూటగట్టి భుజాన వేసుకున్నాడు. కాలవవైపు నడుస్తున్నాడు.

"యాడికి శీనయ్యా?" అన్నాను.

"కాలవలో ఏసొస్తానక్కా."

"ఆ కాలవలోనా?"

"యాడేస్తాం మరి?" అన్నాడు. దుర్మార్గం లేదు ఆ గొంతులో. వదిన పోయిన దగ్గర్నుంచి అన్నం సరిగా తినని మనిషి. నిజంగానే అడిగాడు. మా అవ్వ అడిగిన ప్రశ్నే అది. యాడ పెట్టాల?

మంచం మీదినుంచి సింగారమ్మత్త గొంతు వచ్చింది. "శీనా, దించు. నా బిడ్డని తినింది చాలదా దానికి? ఇంకా పెడతావా?"

శీనయ్య మూట దించి అక్కడే కూలబడ్డాడు. నేను అత్త దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. ఎవరో పోల్చుకుని ఆమె నా చేతిని తడిమింది.

"మే, మీ మీటింగులో నేను ముందర్నే కూర్చోనుంటి. నీళ్లిచ్చినాడు, నీళ్లిచ్చినాడని అందరూ చెప్పినారు. జాలి పుడితే నీళ్లు ఎవురైనా ఇస్తారు. ఆ చాప ఎవురు తీస్తారు? నా నెత్తురు చాప అది. ఊరంతా ఒడ్డున నిలబడి చూసినారు, నేను గుమ్మంలోనించి చూసినా. మీ నాయన చేతుల్తో ఎత్తినాడు. ఒక్కరన్నా ఆ మాట చెప్పినారా? నువ్వన్నా చెప్పినావా?"

"చెప్పలేదత్తా."

"ఇప్పుడు ఎవురు దిగతారు మే?"

ఆ ప్రశ్నకి వ్యాసం రాయలేను. మూట విప్పించాను. ఎంగిలి అన్నం గొయ్యిలోకి, పళ్లేలు గ్లాసులు వేరేగా సంచుల్లోకి. శీనయ్య, పోలయ్య, నేను కూర్చుని వేరుచేశాం. ఆ సంచుల్ని నాతో నెల్లూరు తీసుకొచ్చాను. ఇక్కడినుంచి అవి ఎక్కడికి పోతాయో వెంటబడి చూశాను. వాటిలో పనికొచ్చేవాటిని కొనేవాళ్లున్నారు, దేనికీ పనికిరానివే ఎక్కువ. అప్పటినుంచి ఆ రకం పళ్లెం మా ఇంట్లోకీ మా సభల్లోకీ రానివ్వడం లేదు. ఫ్లెక్సీ అచ్చువేసే పని మా సంఘం మానేసింది, మానని రోజు నేను సంఘం మానేస్తానని చెప్పాను. నాయన ముఖం ఉన్న ఆ గుడ్డని పోలయ్య కడగలేదు. నేనే కడిగాను. దానికింకేం పని ఉందో ఇంకా తెలియలేదు, చచ్చేది మాత్రం కాదు, కాబట్టి నా బల్ల పక్కన చుట్ట చుట్టి ఉంది.

మొగ ఇంకా మూసుకునే ఉంది. జేసీబీ తూము వరకే వచ్చింది. సింగారమ్మత్త ఆ మూడు గోడల మధ్యనే ఉంది, ఎక్కడికీ రానంటున్నది. వానలు మళ్లీ వస్తాయి. ఈసారి చాటింపు వేసే దురాయి లేదు, కోప్పడే గంగమ్మ లేదు. మెదడున్న మనుషులం మాత్రం ఉన్నాం. ఉన్నామని రుజువు చేయవలసింది ఇప్పుడే. శీనయ్యా పోలయ్యా ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నారు. కొన్ని ఇళ్లు వస్తామన్నాయి, కొన్ని నవ్వాయి. నా మోకాళ్లు సహకరించవు, అయినా గంప పట్టుకుని నిలబడతాను. ఎవరో ఒకరు నవ్వుతూ గుప్పెడు ఇసక వేస్తారు.

మీరు మా పాళేనికి రానక్కరలేదు. మీ ఊళ్లోనూ ఒక కాలవ ఉంది. ఈ పుస్తకం ఇక్కడ మూసి లేవండి. మీ ఇంటి నీళ్లు ఏ దారిన పోతున్నాయో ఆ దారి పట్టుకుని చివరిదాకా నడవండి. ఎక్కడో ఒకచోట గుంజకి తగులుకుని మీ చాప కనబడుతుంది. అది మీదేనని మీకు తెలుస్తుంది. ఒడ్డున నిలబడి ఎవరు తీస్తారని అడగకండి. ఇంటికో చెయ్యి అన్నారు మా వాళ్లు. మీ ఇంటి చెయ్యి మీదే. దిగండి.